మొదలుపెట్టడం ఒక్కటే మన చేతిలో: థైరిస్టర్ కన్వర్టర్ల అదుపు, రక్షణ

2012 జులై 31, మధ్యాహ్నం ఒంటిగంట ప్రాంతం. ఉత్తర, తూర్పు, ఈశాన్య గ్రిడ్లు ఒకదాని వెంట ఒకటి కూలిపోయాయి. ముందురోజు తెల్లవారుజామున ఉత్తర గ్రిడ్ ఒక్కటే పడి లేచింది. ఈసారి మూడూ పడ్డాయి. దాదాపు 60 కోట్లమందికి కరెంటు పోయింది. రైళ్ళు దారిలోనే నిలిచిపోయాయి. బెంగాల్, జార్ఖండ్ బొగ్గు గనుల్లో కార్మికులు భూగర్భంలో చిక్కుకుపోయారు. మన దక్షిణ గ్రిడ్ మాత్రం నిలబడింది. బయటినుంచి రావలసిన విద్యుత్తు తగ్గి కొన్నిచోట్ల కోతలు పడ్డాయి గానీ, ఢిల్లీకి పట్టిన గతి హైదరాబాదుకూ విజయవాడకూ పట్టలేదు.

అప్పటికి దక్షిణాది గ్రిడ్ మిగతా దేశంతో కలిసి ఒకే లయలో నడవడం లేదు. విశాఖ పక్కన గాజువాకలో, మహారాష్ట్రలో చంద్రపూర్ దగ్గరి భద్రావతిలో, ఒడిశాలోని తాల్చేరు నుంచి కర్ణాటకలోని కోలారుకు వేసిన డీసీ లైనులో, మధ్యన కన్వర్టర్లు ఉండేవి. కన్వర్టరంటే ఏసీని డీసీ చేసే, డీసీని మళ్ళీ ఏసీ చేసే ఏర్పాటు. అవతలి గ్రిడ్ ఊగిపోతున్నా ఆ ఊపు డీసీ గుండా ఇవతలికి రాదు. ఎంత విద్యుత్తు దాటాలో కన్వర్టర్ నియంత్రణ నిర్ణయిస్తుంది, అంతే దాటుతుంది.

గాజువాక కేంద్రం సంగతి కొంచెం చెబుతాను. 500 మెగావాట్ల మొదటి భాగం 1999లో, మరో 500 మెగావాట్ల రెండో భాగం 2005లో పనిలోకి వచ్చాయి. అక్కడ పొడవాటి డీసీ లైను ఏదీ లేదు. ఏసీ నుంచి డీసీకి, డీసీ నుంచి ఏసీకి మార్చే రెండు కన్వర్టర్లూ ఒకే ఆవరణలో వీపుకు వీపు ఆనించినట్టు ఉంటాయి. 1990లలో తూర్పు గ్రిడ్‌లో విద్యుత్తు మిగులు, ఫ్రీక్వెన్సీ 50 దాటేది. దక్షిణాన కొరత, ఫ్రీక్వెన్సీ 48 హెర్ట్జ్ దగ్గరికి జారేది. అలాంటి రెండు గ్రిడ్లను నేరుగా తీగతో కలపడం అసాధ్యం. కన్వర్టర్ మధ్యన ఉంటే, ఎవరి ఫ్రీక్వెన్సీ వారిదిగా ఉంచుకుంటూనే ఒకరి మిగులు ఇంకొకరికి చేరుతుంది.

ఇంతకంటే ముందే మన ప్రాంతంలో ఒక ప్రయోగం జరిగింది. బస్తర్‌లోని బర్సూరు నుంచి మన దిగువ సీలేరుకు, దాదాపు 200 కిలోమీటర్ల దూరం, 1980ల చివర్లో, 100 కిలోవోల్టుల డీసీ మీద 100 మెగావాట్లు పంపేలా పూర్తి స్వదేశీ ప్రయత్నంగా ఒక లైను నడిపారు. భెల్ ఇంజనీర్లు థైరిస్టర్ వాల్వులనూ నియంత్రణ పద్ధతులనూ స్వయంగా రూపొందించి పరీక్షించుకున్న చోటు అది. మన అడవుల్లో జరిగిన ఆ పనికి దక్కవలసినంత పేరు దక్కలేదని నా బాధ.

ఈ కన్వర్టర్లన్నిటికీ ప్రాణం థైరిస్టర్ అనే సిలికాన్ పరికరం. 1957లో అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ ఇంజనీర్లు దీన్ని మొదట తయారుచేశారు. అంతకుముందు ఈ పని పాదరసపు ఆర్క్ వాల్వులు చేసేవి. థైరిస్టర్‌కు రెండు పెద్ద కొసలు, ఒక చిన్న గేటు ఉంటాయి. గేటులోకి చిన్న పల్స్ పంపితే చాలు, వేల ఆంపియర్లు ప్రవహించడం మొదలవుతుంది. ఒకసారి మొదలయ్యాక గేటుకు ఇక ఏ అధికారమూ ఉండదు. పల్స్ తీసేసినా, తిరగేసినా ఆ ప్రవాహం ఆగదు. బయటి సర్క్యూట్ దాని కరెంటును దాదాపు సున్నాకు తెచ్చి, ఆపైన కొంతసేపు వ్యతిరేక వోల్టేజి పెట్టి ఉంచితేనే అది మళ్ళీ అడ్డుకునే శక్తి తెచ్చుకుంటుంది.

మొదలుపెట్టడం మన చేతిలో ఉంది, ఆపడం లేదు. థైరిస్టర్ కన్వర్టర్ల అదుపు గురించి, రక్షణ గురించి ఉన్న శాస్త్రమంతా ఈ ఒక్క లోటు చుట్టూ పెరిగింది. పాఠాల్లో నియంత్రణ ఒక అధ్యాయం, రక్షణ ఇంకో అధ్యాయం అని విడదీసి చెబుతుంటారు. నా దృష్టిలో ఈ యంత్రం విషయంలో ఆ గీత గీయడం తప్పు. ఎందుకో చెబుతాను.

కన్వర్టర్‌లో మూడు ఫేజుల బ్రిడ్జి అనే అమరిక ఉంటుంది. అందులో ఆరు థైరిస్టర్లుంటాయి, పైవరసలో మూడు, కిందివరసలో మూడు. ఏ క్షణంలోనైనా పైన ఒకటి, కింద ఒకటి కరెంటు మోస్తాయి. ఫేజుల వోల్టేజిలు ఒకదాని తర్వాత ఒకటి పైచేయి సాధిస్తుంటాయి కాబట్టి, కొత్త థైరిస్టర్‌కు పల్స్ ఇవ్వగానే లైను వోల్టేజే పాతదాని కరెంటును తగ్గించి సున్నా చేస్తుంది. మనం చేయలేని పనిని ఏసీ సప్లై చేసి పెడుతుందన్నమాట. దీన్నే కమ్యుటేషన్ అంటారు. పల్లకీ మోసేవాళ్ళు భుజం మార్చుకునేటప్పుడు ఒక క్షణం ఇద్దరి భుజాలూ కర్ర కిందే ఉంటాయి. కొత్త మనిషి బరువు పూర్తిగా ఎత్తుకున్నాకే పాత మనిషి తప్పుకుంటాడు. ఇక్కడా అంతే. ట్రాన్స్‌ఫార్మర్‌లోని ఇండక్టెన్స్ కరెంటును ఒక్కసారిగా మారనివ్వదు, కొద్దిసేపు రెండు థైరిస్టర్లూ కలిసి మోస్తాయి. ఆ కాలాన్ని ఓవర్‌ల్యాప్ అంటారు. కరెంటు పెరిగినా, లైను వోల్టేజి తగ్గినా అది పొడుగవుతుంది. ఈ మాట గుర్తుంచుకోండి, ప్రమాదం ఇక్కడినుంచే వస్తుంది.

మన చేతిలో ఉన్నది పల్స్ ఎప్పుడివ్వాలన్నది మాత్రమే. దాన్ని డిగ్రీల్లో కొలిచి ఫైరింగ్ కోణం అంటారు. ఇవ్వగలిగిన తొలి క్షణంలోనే పల్స్ ఇస్తే 415 వోల్టుల ఏసీ నుంచి సగటున 560 వోల్టుల డీసీ వస్తుంది. 60 డిగ్రీలు ఆలస్యం చేస్తే అందులో సగం. 90 డిగ్రీల దగ్గర సగటు సున్నా. అది కూడా దాటి ఆలస్యం చేస్తే డీసీ వోల్టేజి తలకిందులవుతుంది. కరెంటు దిశ మారలేదు, వోల్టేజి గుర్తు మారింది, కాబట్టి విద్యుత్తు డీసీ నుంచి ఏసీకి ప్రవహిస్తుంది. అంటే రెక్టిఫయర్ ఇన్వర్టర్ అయింది! ఒక్క తీగ విప్పలేదు, ఒక్క స్విచ్ తిప్పలేదు, కొన్ని మిల్లీసెకన్లు ఆలస్యంగా పల్స్ ఇచ్చామంతే. ఎన్నేళ్ళు ఈ రంగంలో ఉన్నా నాకు ఈ విషయం కొత్తగానే, అందంగానే కనిపిస్తుంది.

అంత శక్తి ఒక్క కోణంలో ఉన్నప్పుడు ఆ కోణాన్ని ఎంత కచ్చితంగా కొలవాలి? 50 హెర్ట్జ్ మీద ఒక డిగ్రీ అంటే సుమారు 55 మైక్రోసెకన్లు. తొలినాళ్ళలో ప్రతి ఫేజు వోల్టేజి సున్నా దాటే క్షణాన్ని గుర్తించి, అక్కడినుంచి లెక్కపెట్టి పల్స్ ఇచ్చేవాళ్ళు. గ్రిడ్ బలంగా ఉన్నంతకాలం అది బాగానే పనిచేసింది. బలహీనమైన చోట కన్వర్టరే వోల్టేజి తరంగానికి గండ్లు పెడుతుంది, ఆ గండ్ల వల్ల సున్నాలు జరుగుతాయి, జరిగిన సున్నాల వల్ల పల్స్‌లు సమానదూరంలో పడవు, దాంతో తరంగం ఇంకా చెడుతుంది. 1968లో ఐన్స్‌వర్త్ అనే ఇంజనీరు దీనికి విరుగుడు ప్రతిపాదించారు. లైను సున్నాల వెంట పరుగెత్తకుండా, నియంత్రణలోనే ఒక ఆసిలేటర్ ఉంచుకుని, దాన్ని లైనుతో నెమ్మదిగా లంకె వేసి నడిపించడం. పల్స్‌లన్నీ ఆ ఆసిలేటర్ నుంచి సరిగ్గా 60 డిగ్రీల ఎడంతో వస్తాయి. నేటి డిజిటల్ నియంత్రణల మూలం ఆ ఆలోచనే. ఇది నియంత్రణా, రక్షణా? నేనైతే రెండూ అంటాను.

పల్స్ విషయంలో చిన్న సంగతి ఒకటుంది. కరెంటు మొదలుకావాలంటే పైన ఒకటి, కింద ఒకటి ఏకకాలంలో తెరుచుకోవాలి. ఒక్కోదానికి ఒక్కసారే పల్స్ ఇస్తే బ్రిడ్జి మొదలే కాదు. అందుకే ప్రతి థైరిస్టర్‌కూ 60 డిగ్రీల తర్వాత రెండో పల్స్ కూడా ఇస్తారు, లేదా అంతకంటే పొడవైన పల్స్‌ల వరుస ఇస్తారు.

ఇప్పుడు అసలు ప్రమాదం దగ్గరికి వద్దాం. ఇన్వర్టర్‌గా పనిచేసేటప్పుడు పల్స్ చాలా ఆలస్యంగా పడుతుంది కదా. పాత థైరిస్టర్ కరెంటు సున్నాకు చేరాక, దాని మీద మళ్ళీ ముందుకు తోసే వోల్టేజి వచ్చేలోపు మిగిలే వ్యవధి కొద్దిదే. పెద్ద డీసీ లైన్లలో వాడే థైరిస్టర్‌కు కోలుకోవడానికి సుమారు 400 మైక్రోసెకన్లు, అంటే 7 డిగ్రీలకు పైగా కావాలి. అందుకని 15 నుంచి 18 డిగ్రీల ఎడం ఉంచి నడుపుతారు. ఎక్కడో దూరాన ఒక లైను మీద పిడుగుపడి వోల్టేజి తగ్గిందనుకోండి. ఓవర్‌ల్యాప్ పొడుగవుతుంది, ఉంచుకున్న ఎడాన్ని తినేస్తుంది. పాత థైరిస్టర్ ఇంకా కోలుకోకముందే దాని మీద వోల్టేజి వస్తుంది, అది మళ్ళీ మోయడం మొదలుపెడుతుంది. తన వంతు ముగిసినా తప్పుకోదు. కాసేపట్లో అదే ఫేజులో కిందిదానికి వంతు వస్తుంది, రెండూ కలిసి డీసీ వైపు షార్ట్ చేస్తాయి. డీసీ వోల్టేజి సున్నా, దాటే విద్యుత్తు సున్నా. దీన్నే కమ్యుటేషన్ ఫెయిల్యూర్ అంటారు. ఏ థైరిస్టరూ చెడిపోలేదని గమనించండి. పరికరాలన్నీ బాగానే ఉండి, కాలం ఒక్కటి తప్పడం వల్ల ఇంత జరుగుతుంది.

మరి ఎడం 30 డిగ్రీలు ఉంచుకుంటే పోదా అని అడగవచ్చు. ఎడం పెంచినకొద్దీ కన్వర్టర్ గ్రిడ్ నుంచి లాగే రియాక్టివ్ పవర్ పెరుగుతుంది. ఇప్పటికే ఇలాంటి కేంద్రం తాను దాటించే మెగావాట్లలో దాదాపు సగానికి సమానమైన మెగావార్లు లాగుతుంది. ఆ లోటు పూడ్చడానికే కెపాసిటర్లూ ఫిల్టర్లూ ఆవరణలో పెద్దభాగం ఆక్రమిస్తాయి. అందుకని నియంత్రణ అప్రమత్తంగా ఉండాల్సివస్తుంది. వోల్టేజి జారడం మొదలయ్యే తొలి మిల్లీసెకన్లలోనే గుర్తించి, తర్వాతి పల్స్‌ను ముందుకు జరుపుతుంది. వోల్టేజి బాగా పడిపోతే కరెంటు ఆదేశాన్నే తగ్గించేస్తుంది. కోలుకున్నాక నెమ్మదిగా పెంచుతుంది. సాధారణంగా కొద్ది సైకిళ్ళలో ఎవరికీ తెలియకుండానే అంతా సర్దుకుంటుంది.

తాల్చేరు-కోలారు వంటి పొడవైన లైను మీద షార్ట్ వస్తే ఏం చేస్తారో చూడండి. 2003లో పనిలోకి వచ్చిన ఆ లైను 500 కిలోవోల్టుల మీద ఆంధ్ర మీదుగా దాదాపు 1,400 కిలోమీటర్లు వెళుతుంది. ఏసీ లైనైతే బ్రేకరు తెరుచుకుంటుంది, అది కరెంటును ఆపడానికి రెండు సైకిళ్ళు, అంటే 40 మిల్లీసెకన్లు పడుతుంది. ఇక్కడ బ్రేకరుతో పనిలేదు. లోపం కనబడగానే తాల్చేరు వైపు రెక్టిఫయర్ తన ఫైరింగ్ కోణాన్ని 120 డిగ్రీలు దాటించి తానే ఇన్వర్టర్ అయిపోతుంది. లైనులో ఉన్న శక్తిని వెనక్కి, ఏసీ గ్రిడ్‌లోకే లాగేసుకుంటుంది. కరెంటు సున్నా అవుతుంది. ఆర్క్ తగిలిన చోట గాలి చల్లారేందుకు కొన్ని వందల మిల్లీసెకన్లు ఆగి, తిరిగి మొదలుపెడుతుంది. రోజూ విద్యుత్తును సర్దే ఆ ఒక్క కోణమే ఆపద వేళ లైనును కాపాడుతుంది. నియంత్రణనూ రక్షణనూ విడదీయడం తప్పని నేను అన్నది అందుకే.

అయితే పల్స్‌లను జరపడం ద్వారా చేయగలిగే సాయానికి ఒక హద్దుంది. పల్స్‌కూ పల్స్‌కూ మధ్య 3.3 మిల్లీసెకన్లు. అంతకంటే చాలా వేగంగా, మైక్రోసెకన్లలో జరిగే నష్టాలను సర్క్యూట్ దానంతటదే అడ్డుకోవాలి.

గేటుకు పల్స్ అందగానే సిలికాన్ బిళ్ళ అంతా ఒక్కసారి మేలుకోదు. గేటు అంచున చిన్న ప్రాంతం మొదట మోయడం మొదలుపెట్టి, ఆ ప్రాంతం మెల్లగా పక్కలకు విస్తరిస్తుంది. అంతలోపే కరెంటు ఎగసిపడితే ఆ చిన్నచోటు కాలిపోతుంది. అందుకు వరుసలో రియాక్టర్ పెట్టి కరెంటు పెరిగే వేగాన్ని తగ్గిస్తారు, గేటు పల్స్‌ను పదునుగా, బలంగా ఇస్తారు. ఇంకోవైపు, మూసి ఉన్న థైరిస్టర్ మీద వోల్టేజి మరీ వేగంగా పెరిగితే దాని లోపలి కెపాసిటెన్స్ గుండా వచ్చే కరెంటే గేటు పల్స్‌లా పనిచేసి, మనం అడగకుండానే తెరుచుకుంటుంది. ప్రతి థైరిస్టర్ పక్కనా రెసిస్టర్, కెపాసిటర్ కలిసిన స్నబ్బర్ ఉండేది ఈ వేగాన్ని తగ్గించడానికే.

అధిక వోల్టేజి సంగతి మరింత ఆసక్తికరం. పెద్ద కన్వర్టర్లలో బ్రిడ్జిలోని ఒక్కో థైరిస్టర్ స్థానంలో ఒక వాల్వు ఉంటుంది, దానిలో పదుల సంఖ్యలో థైరిస్టర్లు వరుసగా ఉంటాయి. ఏదో ఒకదానికి పల్స్ అందలేదనుకోండి, మిగతావన్నీ తెరుచుకుంటాయి, మొత్తం వోల్టేజి ఆ ఒక్కదాని మీద పడి దాన్ని చీల్చేస్తుంది. అందుకే ఒక్కోదాని దగ్గర చిన్న కాపలా సర్క్యూట్ ఉంటుంది. వోల్టేజి హద్దు దాటుతోందని తెలియగానే, పైనుంచి ఆదేశం కోసం చూడకుండా, అదే పల్స్ ఇచ్చి ఆ థైరిస్టర్‌ను తెరిపిస్తుంది. పగలకుండా కాపాడాలంటే ప్రవహించనివ్వాలి. ఒకవేళ పాడైనా, ఈ థైరిస్టర్ తీగలా షార్టయి మిగిలిపోతుంది, కరెంటు దారి తెగదు. వరుసలో రెండుమూడు అదనంగా పెట్టి ఉంచుతారు కాబట్టి వాల్వు నడుస్తూనే ఉంటుంది. ఎన్ని పోయాయో పర్యవేక్షణ లెక్కపెట్టుకుంటుంది, అదనంగా ఉన్నవి అయిపోతే అప్పుడు ట్రిప్ చేస్తుంది.

ఇన్ని జాగ్రత్తలు కావాల్సిన పరికరాన్ని ఇంకా ఎందుకు వాడుతున్నారని విద్యార్థులు అడుగుతుంటారు. ఆపడం కూడా మన చేతిలో ఉండే ట్రాన్సిస్టర్లు, ఐజీబీటీలు, వచ్చాయి కదా అని. తమిళనాడులోని పుగలూరులో ఈ రెండూ కనబడతాయి. ఛత్తీస్‌గఢ్‌లోని రాయగఢ్ నుంచి 800 కిలోవోల్టుల మీద 6,000 మెగావాట్లు తెచ్చేది థైరిస్టర్లు. అక్కడినుంచి కేరళలోని త్రిస్సూరుకు 2,000 మెగావాట్లు పంపేది ట్రాన్సిస్టర్లు. రెండోదానికి కమ్యుటేషన్ ఫెయిల్యూర్ బాధ లేదు. కానీ భారీ విద్యుత్తు అంతంత దూరాలు పంపాలంటే తక్కువ నష్టంతో ఎక్కువ మోయడంలో థైరిస్టర్ ఇప్పటికీ ముందుంది.

చివరిగా, ఫ్యాక్టరీల్లో థైరిస్టర్ డీసీ డ్రైవ్‌లు చూసుకునే ఎలక్ట్రీషియన్లతో, యువ ఇంజనీర్లతో కొన్ని మాటలు. క్రేను, హాయిస్టు, రోలింగ్ మిల్లు వంటి చోట్ల మోటారును నెమ్మదింపజేసేటప్పుడు డ్రైవ్ ఇన్వర్టర్‌గా మారి శక్తిని లైనుకు తిప్పిపంపుతుంది. సరిగ్గా ఆ సమయంలో కరెంటు ఒక్కసారి మినుక్కుమంటే, నేను పైన చెప్పిన వైఫల్యమే మీ ప్యానెల్‌లో జరుగుతుంది. మోటారు తన జడత్వంతో తిరుగుతూ షార్ట్‌లోకి కరెంటు తోస్తుంది, ఫ్యూజులు ఎగిరిపోతాయి. అందుకే 400 వోల్టుల సప్లై మీద ఒకవైపే నడిపే డ్రైవ్‌కు 470 వోల్టుల ప్రాంతపు మోటారు పెట్టినా, శక్తి తిప్పిపంపే డ్రైవ్‌ను 420 దగ్గరే కట్టడి చేస్తారు. ఉత్పత్తి పెంచాలని ఆ హద్దు సడలించమని ఎవరైనా అడిగితే ఒప్పుకోకండి.

ఎగిరిపోయిన ఫ్యూజు స్థానంలో అదే ఆంపియర్ల మామూలు ఫ్యూజు వేయడం ఇంకా చాలాచోట్ల జరుగుతోంది. అది చేయకూడదు. సెమీకండక్టర్ ఫ్యూజులో సన్నని నడుములున్న వెండి పట్టీలు స్ఫటికపు ఇసుకలో ఉంటాయి. థైరిస్టర్ తట్టుకోగల వేడి హద్దు చేరేలోపు, కొద్ది మిల్లీసెకన్లలోనే అది తెగాలి. మామూలు ఫ్యూజు తెగేలోపు థైరిస్టరే దాన్ని కాపాడి తాను పోతుంది. కొత్తది కొనేటప్పుడు ఆంపియర్లతో పాటు, తెగేలోపు తన గుండా పోనిచ్చే ఐ-స్క్వేర్-టీ విలువ కూడా థైరిస్టర్ విలువకంటే తక్కువ ఉందో లేదో చూడండి. ఒకటి తెగినప్పుడు అదే కరెంటు మోసిన రెండో ఫ్యూజును కూడా మార్చండి, అది సగం కాలి ఉంటుంది.

ట్రాన్స్‌ఫార్మర్ మరమ్మతు అయ్యాక, కేబుళ్ళు విప్పి బిగించాక, ఫేజుల వరుస సరిగా ఉందో లేదో చూడకుండా డ్రైవ్ ఆన్ చేయకండి. పాత డ్రైవ్‌లలో పల్స్ కార్డుకు లైను లయను అందించే చిన్న ట్రాన్స్‌ఫార్మర్ విడిగా ఉంటుంది. పవర్ కేబుళ్ళలో ఫేజులు మారి, ఇది మాత్రం పాత ఫేజుల మీదే ఉండిపోతే పల్స్‌లు 120 డిగ్రీల తేడాతో పడతాయి. ఆసిలోస్కోపు మీద ప్రతి ఫేజు వోల్టేజినీ దాని పల్స్‌నూ పక్కపక్కన పెట్టి చూడండి. ఆరూ సమానదూరంలో ఉన్నాయని నిర్ధారించుకున్నాక, కరెంటు పరిమితిని బాగా తగ్గించి మొదట ఖాళీ మోటారుతో నడపండి, ఆ తర్వాతే లోడు పెట్టండి.